వాట్సాప్‌లో చూసిన లండన్ ఫ్లాట్‌కి ఇక్కడి నుంచే డబ్బు పంపొచ్చా?

ప్రశ్న: నమస్కారమండి. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా కంపెనీ నన్ను లండన్ పంపుతోంది. ఆఫీసు కెనరీ వార్ఫ్‌లో, జీతం ఏడాదికి 52,000 పౌండ్లు. నాకు, మా ఆవిడకు, పాపకు వీసాలు వచ్చేశాయి. పాపకు ఈ మే నెలలోనే మూడేళ్ళు నిండాయి. ఆగస్టు ఆఖర్లో ముగ్గురం కలిసి బయల్దేరదామనుకుంటున్నాం. ఒక వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒకాయన ఇల్ఫర్డ్‌లో రెండు బెడ్రూముల ఫ్లాట్ నెలకు 950 పౌండ్లకు ఇస్తానన్నారు. ఆయనదీ మా గోదావరి జిల్లాయే. మాటతీరు మర్యాదగా ఉంది, ఫ్లాట్ వీడియో కూడా పంపారు. డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి 1,900 పౌండ్లు ముందే పంపితే తాళాలు సిద్ధంగా ఉంచుతారట. ఇంకో రెండు కుటుంబాలు అడుగుతున్నాయని, శుక్రవారంలోగా తేల్చమని అంటున్నారు. మా నాన్నగారు "దాళ్వా పంట డబ్బులు చేతిలోనే ఉన్నాయి, పంపేద్దాం, చంటిపిల్లతో ఆ దేశంలో ఎక్కడ తిరుగుతారు" అంటున్నారు. మా ఆవిడేమో తెలుగువాళ్ళు ఉన్నచోటే కావాలంటోంది. చేపల పులుసు వండితే అక్కడి ఓనర్లు గొడవ చేస్తారని ఎవరో చెప్పారట, అదో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, శుక్రవారం గడువు పెట్టారు కాబట్టి. పంపకండి. సగం పంపుతానని బేరం కూడా ఆడకండి. ఇల్లు మీ కళ్ళతో చూసి, అగ్రిమెంట్ మీద సంతకాలయ్యేదాకా ఇక్కడి నుంచి ఒక్క పౌండు కదలకూడదు. మొదట మీరొక్కరే వెళ్ళండి. ఇల్లు దొరికాక మీ ఆవిడ, పాప వస్తారు. వీసాలు ముగ్గురికీ ఒకేసారి వచ్చినంత మాత్రాన విమానం కూడా ఒకేసారి ఎక్కాలని లేదు.

నాన్నగారికి ఎలా చెప్పాలా అని మీరు మొహమాటపడుతున్నట్టున్నారు. ఆయనకు అలవాటైన పద్ధతిలోనే చెప్పండి. ఊళ్ళో అరెకరం కొబ్బరితోట అమ్మకానికి వస్తే ఆయన ఏం చేస్తారు? గట్టు వెంబడి నడిచి చూస్తారు. బోదెలో నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో, వానాకాలంలో ఎన్నాళ్ళు నిలుస్తాయో పక్క రైతుని అడుగుతారు. ఈసీ తీయించి, అమ్మేవాడి పేరు కాగితంలో ఉందో లేదో చూశాకే బయానా ఇస్తారు. పక్క ఊరి తోటకే ఇంత చేసే మనిషి, సముద్రాల అవతల ఇంటికి ఫోన్లో వీడియో చూసి రెండు లక్షల పైచిలుకు రూపాయలు పంపేద్దాం అంటున్నారంటే అది ఆ పాప మీద బెంగ తప్ప ఇంకేం కాదు. ఆ బెంగకు వేరే మందు ఉంది, కింద రాస్తాను.

ఆ మనిషి మోసగాడని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆయన చెప్పిన లెక్కలు లండన్ లెక్కలతో కలవడం లేదు. 2025లో లండన్ సగటు అద్దె నెలకు 2,200 పౌండ్లు దాటింది. ఇల్ఫర్డ్ ఊరికి చివర కాబట్టి అంత ఉండదు. అయినా అక్కడ రెండు బెడ్రూముల ఫ్లాట్ 1,700కి లోపు దొరికితే అదృష్టమే. 950కి దొరికేది ఎవరి ఇంట్లోనో ఒక గది. సగం ధరకు ఇల్లు, అడుగుతున్నవాళ్ళు ఇంకో ఇద్దరు, గడువు శుక్రవారం అనే మూడూ ఒకే మనిషి నోట వచ్చాయంటే నాకైతే గుండె జారుతుంది. సగం ధరకు ఇల్లు ఇచ్చేవాడికి లండన్‌లో మనుషులు దొరకక కోనసీమ దాకా వెతుక్కోవలసిన అవసరం ఏముంటుంది?

చట్టం ప్రకారం చూసినా ఆయన అడుగుతున్నది కుదరదు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ నుంచి ఒక చట్టం ఉంది. ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి తీసుకోగలిగింది వారం అద్దె మాత్రమే. ఆయన చెప్పిన 950 లెక్కన అది 219 పౌండ్లు. సెక్యూరిటీ డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. ఇల్లు చూపించినందుకని, కాగితాలు రాసినందుకని ఏజెంట్లు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. దీనిపైన రెంటర్స్ రైట్స్ చట్టం ఒకటి 2025 అక్టోబర్‌లో వచ్చి, ఈ 2026 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అగ్రిమెంట్ మీద సంతకం కాకముందు అద్దె అడగనే కూడదు, అయ్యాక కూడా నెల అద్దెకు మించి అడ్వాన్సుగా తీసుకోకూడదు. మీరు ఇంకా సంతకం పెట్టలేదు, అగ్రిమెంట్ చూడనే లేదు. మొదటి నెల అద్దె ఎలా అడుగుతున్నట్టు?

ఇంకొకటి. ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకు ఇచ్చే ప్రతి యజమానీ, అద్దెకు వచ్చే మనిషికి ఆ దేశంలో ఉండే హక్కు ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. దాన్ని రైట్ టు రెంట్ చెక్ అంటారు. మీ ఈవీసా అకౌంట్లోంచి ఒక షేర్ కోడ్ తీసి ఇస్తే, వాళ్ళు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టి చూసుకుంటారు. చూడకుండా ఇస్తే యజమానికి జరిమానా పడుతుంది. నిజమైన ఓనరు డబ్బు కంటే ముందు ఆ కోడ్ అడుగుతాడు. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

నేను లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను. ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నా అక్కడి విషయాలు మనసులోంచి పోలేదు. ఒక ఆదివారం మా పక్కింటి ముందు టాక్సీ ఆగింది. నరసాపురం వైపు దంపతులు, ఆరు సూట్‌కేసులు, చేతిలో ప్రింటు తీసిన అడ్రసు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ తలుపు తీసి, ఈ వేసవిలో ఇలా తాళాలకోసం వచ్చినవాళ్ళలో మీరు మొదటివాళ్ళు కారు అంది. టాక్సీలో వచ్చిన ఆ అమ్మాయి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది. వాళ్ళు డబ్బు పంపింది కూడా "మనవాడికే". ఆ రాత్రి మా ఇంట్లో పడుకున్నారు. కేసు పెట్టినా ఆ డబ్బు వెనక్కి రాలేదు.

మనవాళ్ళని నమ్మొద్దని చెప్పడం లేదు. లండన్‌లో దిగినరోజు పెరుగన్నం పెట్టి, తన కోటు ఇచ్చి బయటికి తీసుకెళ్ళిన తెలుగువాళ్ళు నాకు చాలామంది తెలుసు. అయితే అలా సాయం చేసినవాళ్ళెవరూ దిగకముందే డబ్బు పంపమనలేదు. ఊరిపేరు, జిల్లా యాస, "అన్నయ్యా" అనే పిలుపు చూసి కాగితాలు అడగడానికి మనం సిగ్గుపడతాం. మోసం చేసేవాడికి కావలసింది సరిగ్గా ఆ సిగ్గే.

ఆయనకు ఈ రాత్రే ఒక మెసేజ్ పెట్టండి, మర్యాదగానే. "అన్నగారూ, ఫ్లాట్ నంబరు, పోస్ట్‌కోడ్‌తో పూర్తి అడ్రసు ఇవ్వండి. మీరు ఓనరా, అద్దెకున్నవారా? డిపాజిట్ రక్షణకు ప్రభుత్వం ఒప్పుకున్న ఏ స్కీములో పెడతారు? నేను వచ్చి చూసి సంతకం పెట్టాకే డబ్బు ఇస్తాను." అంతే. అడ్రసు ఇస్తే, బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ల్యాండ్ రిజిస్ట్రీ పేజీకి వెళ్ళి 7 పౌండ్లు కట్టి టైటిల్ రిజిస్టర్ తీయండి. ఫ్లాట్ కాబట్టి లీజ్‌హోల్డ్ టైటిల్ (ఆ ఒక్క ఫ్లాట్ మీది దీర్ఘకాల లీజు హక్కు కాగితం) తీసుకోవాలి. అందులో యజమాని పేరు ఉంటుంది. ఇదే పని చేసిపెడతామని ఎక్కువ డబ్బు గుంజే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, ప్రభుత్వానిది తప్ప ఏదీ తెరవొద్దు. ఆ పేరు ఆయనది కాకపోతే, ఆయన అద్దెకున్న ఇంటినే మళ్ళీ అద్దెకిస్తున్నాడేమో అడగండి. అసలు ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే రేపు మిమ్మల్నీ ఆయన్నీ కలిపి ఖాళీ చేయిస్తారు. ఈ ప్రశ్నలకు ఆయన నొచ్చుకుని "నమ్మకం లేకపోతే వద్దులెండి" అంటే మీ డబ్బు మిగిలినట్టే.

సరే, ఇక మీరు ఎలా వెతకాలో చెప్తాను.

కంపెనీవాళ్ళని మొదటి కొన్ని వారాల బస ఇస్తారా అని అడగండి. ఇలా పంపేటప్పుడు చాలా కంపెనీలు ఇస్తాయి, కానీ అడగనిదే చెప్పరు. ఇవ్వకపోతే ఒక నెలకు గది తీసుకోండి. తెలుగు కుర్రాళ్ళు కలిసి ఉండే ఇంట్లో గది అయినా పర్వాలేదు, మీరు ఒక్కరే కాబట్టి. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటే మిమ్మల్ని లాడ్జర్ కింద లెక్కేస్తారు. అప్పుడు నేను కింద చెప్పబోయే డిపాజిట్ రక్షణ వర్తించదు. అందుకని అలాంటిచోట నెల అద్దె మించి చేతిలో పెట్టకండి, ఇచ్చినదానికి రాత తీసుకోండి. నాన్నగారి బెంగకు మందు అన్నది ఇదే: పాప ఆ నెలా అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉంటుంది, సర్దిపెట్టిన ఇంట్లోకి నేరుగా దిగుతుంది. ఎక్కడా తిరగక్కర్లేదు.

కుదిరితే మీరు ఆగస్టు మొదట్లోనే వెళ్ళండి. సెప్టెంబర్ ఆఖర్లో యూనివర్సిటీలు తెరుస్తారు కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఊరంతా ఇళ్ళ వేటలో ఉంటుంది. పొద్దున పెట్టిన ప్రకటన సాయంత్రానికి ఉండదు. రైట్‌మూవ్, జూప్లా, ఓపెన్‌రెంట్ యాప్‌లు పెట్టుకుని, అలర్ట్ రాగానే ఫోన్ చేయండి. మెయిల్ రాసి జవాబు కోసం కూర్చుంటే ఇల్లు పోతుంది.

మీ జీతానికి ఎంత అద్దె అని కూడా ముందే లెక్క వేసుకోవాలి. ఏజెంట్లు సాధారణంగా ఏడాది జీతం నెల అద్దెకు ముప్పై రెట్లు ఉందా అని చూస్తారు. 52,000కి అది 1,733 వస్తుంది. అయితే వాళ్ళు ఒప్పుకునేది వేరు, మనం మోయగలిగేది వేరు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే తప్పనిసరి కోత పోగా మీ చేతికి నెలకు 3,400 పౌండ్ల దాకా వస్తుంది, పెన్షన్‌కు కోస్తే ఇంకాస్త తగ్గుతుంది. అందులోంచి అద్దె, కౌన్సిల్ టాక్స్ (అక్కడి స్థానిక ఇంటి పన్ను), కరెంటు, గ్యాస్, నీళ్ళు, మీ రైలు ఛార్జీలు పోవాలి. అందుకే రెండు బెడ్రూములు పట్టుపట్టకండి. మూడేళ్ళ పాపతో మొదటి ఏడాది 1,450, 1,500 దగ్గర ఒక బెడ్రూమ్ ఇల్లు చాలు. ఇంట్లో నలుగురూ తిరిగే వసారా, అరుగు ఉన్న ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకు అది ఇరుకుగా అనిపిస్తుంది, నిజమే. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలకపోతే అంతకన్నా ఇరుకుగా ఉంటుంది.

కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌లో సిద్ధంగా ఉంచండి: పాస్‌పోర్టు, కంపెనీ ఆఫర్ లెటర్, హైదరాబాద్ జీతం స్లిప్పులు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. ఇప్పుడున్న హైదరాబాద్ ఇంటి ఓనరుతో ఇంగ్లీషులో నాలుగు లైన్ల ఉత్తరం రాయించుకోండి, అద్దె వేళకు కట్టాడు, ఇల్లు బాగా చూసుకున్నాడు అని, ఫోన్ నంబరుతో సహా. దీన్ని మనవాళ్ళు పట్టించుకోరు కానీ అక్కడ మీకు క్రెడిట్ హిస్టరీ అంటూ ఏమీ ఉండదు. ఆ ఉత్తరమే మీ తరఫున మాట్లాడే మొదటి సాక్షి. చాలామంది యూకేలో ఉండే హామీదారుని అడుగుతారు. ఇదివరకు హామీ లేనివాళ్ళు ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టి బయటపడేవాళ్ళు. మే నుంచి ఆ దారి మూసుకుపోయింది. డబ్బు ఉన్నా పనికిరాదు కాబట్టి, కంపెనీ హామీ ఇస్తుందా అని ఇక్కడ ఉండగానే హెచ్ఆర్‌ని అడగండి.

ఇక ఏ పేట అన్నది. మీ ఆవిడ తెలుగువాళ్ళ మధ్య ఉండాలనడం గారాబం అనుకోకండి. పగలంతా పాపతో ఇంట్లో ఉండేది తనే. మాట్లాడేందుకు మనిషి లేకుండా లండన్ చలికాలం గడపడం ఎంత కష్టమో అక్కడ చాలామంది ఆడవాళ్ళ దగ్గర చూశాను. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు పోతుంది. నేనైతే మీకు ఈస్ట్ హామ్ చెప్తాను. స్టేషన్ బయటికొస్తే హై స్ట్రీట్ నార్త్, ఆ వీధి పొడవునా మన దక్షిణాది హోటళ్ళు, కొట్లు. గోంగూర, ములక్కాడ, సోనామసూరి బస్తా అన్నీ నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. అదే వీధిలో మహాలక్ష్మి గుడి ఉంది. మీ ఆఫీసుకు డిస్ట్రిక్ట్ లైన్‌లో వెస్ట్ హామ్ దాకా వెళ్ళి, జూబిలీ లైన్ మారితే కెనరీ వార్ఫ్. ఇల్ఫర్డ్ కూడా మంచిదే, 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ అక్కడ ఆగుతుంది, వైట్‌చాపెల్‌లో మారాలి. మారకుండా ఒకే రైలులో పోవాలంటే థేమ్స్ నదికి దక్షిణాన ఉలిచ్, ఆబీ వుడ్ చూడండి. అక్కడ మన కొట్లు ఇంత దగ్గరగా ఉండవు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినరోజు సరదాగా కాదు, పొద్దున ఎనిమిదికి ఆఫీసుకు వెళ్ళినట్టే వెళ్ళి చూడండి. ఆ రద్దీలో నిలబడితేగాని దూరం తెలియదు.

ఈస్ట్ హామ్ న్యూహామ్ కౌన్సిల్ కిందికి వస్తుంది. ఆ కౌన్సిల్ 2013 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్ళకు లైసెన్సు పద్ధతి పెట్టింది. ఇంటికి లైసెన్సు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అవసరమైనచోట లైసెన్సు లేని ఓనరు రిపేర్లు చేయిస్తాడని ఆశ పెట్టుకోకండి.

ఇల్లు చూసేటప్పుడు ఏజెంటు పదిహేను నిమిషాలే ఇస్తాడు. హాలు, సోఫా చూస్తూ ఆ టైము పోగొట్టుకోవద్దు. నేరుగా బెడ్రూమ్‌లో బయటి గోడకు ఆనించిన బీరువా దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి లోపల వాసన చూడండి. ముక్కిన బట్టల వాసన వస్తే గోడకు చెమ్మ ఉన్నట్టు. బీరువా వెనక సందులోకి ఫోన్ లైటు వేయండి. కర్టెన్ తొలగించి కిటికీ మూలలు, బాత్రూమ్ సీలింగ్ చూడండి. నల్లటి చుక్కలు గుంపుగా ఉంటే బూజు. అక్కడక్కడే కొత్తగా తెల్లరంగు పూసి ఉంటే దాని కిందా అదే. మన గోదావరి ఇళ్ళలో వానాకాలం చెమ్మ ఎండ రాగానే ఆరిపోతుంది. అక్కడ అక్టోబర్‌లో పట్టింది ఏప్రిల్ దాకా గోడలోనే ఉంటుంది, పాపకు దగ్గు వదలదు. ఆగస్టులో ప్రతి ఇల్లూ బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

వేడినీళ్ళ కొళాయి తిప్పి ఎంతసేపటికి వేడెక్కుతుందో చూడండి. ఇల్లు వేడెక్కేది గ్యాస్ బాయిలర్‌తోనా, కరెంటు హీటర్లతోనా అని అడగండి. యూనిట్ లెక్కన అక్కడ కరెంటు గ్యాస్‌కు దాదాపు నాలుగింతలు ఖరీదు, బిల్లులో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ప్రతి ఇంటికీ ఎనర్జీ సర్టిఫికెట్ ఉంటుంది, ఏ నుంచి జీ దాకా గ్రేడ్లు. ఈ (E) గ్రేడు కంటే తక్కువున్న ఇంటిని, ప్రత్యేక మినహాయింపు లేకపోతే, అద్దెకు ఇవ్వకూడదు. మీరు సీ గాని అంతకన్నా పైది గాని చూడండి. గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఏడాదిలోపుది, కరెంటు వైరింగ్ రిపోర్టు అయిదేళ్ళలోపుది ఉండాలి, అడిగి తీసుకోండి.

వాస్తు సంగతి నాన్నగారు తప్పకుండా అడుగుతారు. తూర్పు ముఖం దొరికితే సంతోషమే. దక్షిణం అనగానే మాత్రం వద్దనకండి. ఆ దేశంలో చలికాలం సూర్యుడు దక్షిణ దిక్కునే కిందుగా తిరుగుతాడు. దక్షిణపు కిటికీ ఉన్న గదిలోకే జనవరిలో నాలుగు చినుకుల ఎండ పడుతుంది. అందుకే అక్కడి ప్రకటనల్లో దక్షిణ ముఖం అని గొప్పగా రాసుకుంటారు. ఉత్తరపు గదులు మాత్రమే ఉన్న ఇల్లు పగలు కూడా లైటు వేసుకునేలా ఉంటుంది.

చేపల పులుసు గురించి మీ ఆవిడ నిశ్చింతగా ఉండొచ్చు. 2017లో కెంట్ ప్రాంతంలో చాలా ఇళ్ళున్న ఒక యజమాని, కూరల వాసన ఉండిపోతోందని చెప్పి మన ఉపఖండం వాళ్ళకు ఇళ్ళు ఇవ్వొద్దని ఏజెంట్లకు రాస్తే, అది చట్టవిరుద్ధమని కోర్టు తేల్చి చెప్పింది. చిన్నపిల్లలు ఉన్నారని ఇల్లు నిరాకరించడం కూడా ఈ మే నుంచి కుదరదు. వండుకునే హక్కు ఉంది గాని, వాసన బయటికి పోయే దారి ఇంట్లో ఉందో లేదో మనమే చూసుకోవాలి. వంటగది హాల్లోనే కలిసిపోయి ఉంటే తాలింపు వాసన పాప దుప్పట్లోకి కూడా వస్తుంది. విడిగా తలుపు, కిటికీ ఉన్న వంటగది వెతకండి. పొయ్యి పైన ఫ్యాన్ వేసి దానికి ఒక టిష్యూ కాగితం ఆనించండి. కాగితం అతుక్కుని నిలబడితే పీలుస్తున్నట్టు. ఆ గాలి గొట్టం గుండా బయటికి పోతుందా, లేక ఫిల్టర్‌లో తిరిగి మళ్ళీ గదిలోకే వస్తుందా అన్నది ఏజెంటుని అడగండి. రెండో రకం పులుసుకి, వేపుళ్ళకి చాలదు. అన్నట్టు, బంగ్లాదేశీ కొట్లలో ఐసులో పెట్టిన ఇలిష్ దొరుకుతుంది, మన పులస జాతి చేపే. గోదారి ఎర్రనీటిలో పట్టిన రుచి రాదు, కానీ జిహ్వ చచ్చిపోకుండా కాపాడుతుంది.

ఇల్లు నచ్చితే వారం అద్దె కట్టి ఆపించండి, రసీదు తీసుకోండి. అద్దె 1,500 అయితే అది 346 పౌండ్లు, అయిదు వారాల డిపాజిట్ 1,730. ప్రకటనలో రాసిన అద్దె కంటే ఎక్కువ ఇవ్వమని అడగడం, మీరు ఇస్తానన్నా తీసుకోవడం, రెండూ ఇప్పుడు నిషిద్ధం. మీరు కట్టిన డిపాజిట్‌ను 30 రోజుల్లోపు ప్రభుత్వం ఒప్పుకున్న మూడు స్కీముల్లో ఒకదానిలో పెట్టి ఆ వివరాలు మీకు ఇవ్వాలి. పెట్టకపోతే కోర్టు ఆ మొత్తానికి ఒకటి నుంచి మూడు రెట్లు దాకా మీకు ఇప్పించగలదు. ఇప్పటి చట్టంలో ఏడాది కట్టుబాటు అంటూ లేదు, మీరు రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి ఖాళీ చేయొచ్చు. అందుకే మొదటి ఇల్లు జీవితాంతపు నిర్ణయం అన్నట్టు భయపడక్కర్లేదు.

తాళాలు తీసుకున్నరోజే, సామాను దించకముందే ప్రతి గదీ ఫోటోలు తీయండి. కార్పెట్ మీది పాత మరకలు, పొయ్యి పక్క గీతలు, తలుపు వెనక రంధ్రాలు, మీటర్ల రీడింగులు. అన్నీ అదేరోజు ఏజెంటుకు మెయిల్ చేయండి, తేదీ దానంతటదే పడుతుంది. వంటగది బల్ల తెల్లగా ఉంటే పసుపు డబ్బా కింద ఎప్పుడూ పళ్ళెం ఉంచమని మీ ఆవిడకు చెప్పండి. మనవాళ్ళ డిపాజిట్లలో కోత పడేది ఎక్కువగా ఆ మరక దగ్గరే.

కౌన్సిల్ టాక్స్‌కు పేరు నమోదు చేయించేటప్పుడు, మీ ఆవిడ వచ్చేదాకా ఆ ఇంట్లో మీరొక్కరే పెద్దవారు కాబట్టి 25 శాతం తగ్గింపు అడగండి. తను వచ్చాక మాత్రం వెంటనే కౌన్సిల్‌కు చెప్పేయండి.

పాప చదువు కూడా ఇంటి అడ్రసుతోనే ముడిపడి ఉంది. మూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ ఇంగ్లండ్‌లో బడి ఉన్న వారాల్లో వారానికి 15 గంటలు ఉచిత నర్సరీ ఉంది, మీ వీసా మీద వచ్చినవాళ్ళకు కూడా. పాపకు సెప్టెంబర్ నుంచి వర్తిస్తుంది. రిసెప్షన్ అనే బడిలో మొదటి క్లాసు 2027 సెప్టెంబర్‌లో. దానికి దరఖాస్తు గడువు 2027 జనవరి 15. ప్రభుత్వ బడుల్లో సీటు చాలావరకు ఇంటి దూరాన్ని బట్టి ఇస్తారు. కాబట్టి రెండు ఇళ్ళు సరిసమానంగా నచ్చితే మంచి ప్రైమరీ స్కూలుకు నడిచి వెళ్ళగలిగేది తీసుకోండి.

దాళ్వా డబ్బులు నాన్నగారి ఖాతాలోనే ఉండనివ్వండి. అగ్రిమెంట్ చేతికొచ్చాక డిపాజిట్‌కు తక్కువైతే అప్పుడు బ్యాంకు ద్వారా మీ ఖాతాకే పంపమనండి, వేరేవాళ్ళ ఖాతాకు వద్దు. పాప పుట్టిన సర్టిఫికెట్, టీకాల కార్డు మాత్రం పెద్ద సూట్‌కేసులో కాకుండా మీ ఆవిడ చేతి బ్యాగులో పెట్టుకోవాలి. నర్సరీలోనూ, డాక్టరు దగ్గర పేరు రాయించేటప్పుడూ అవి అడుగుతారు.